రెండు ఫ్యూయల్ పంపులు, ఒక సన్న వైరు

పొలంలో బోరు మోటారు వేయించిన రైతును అడిగితే చెబుతాడు. మోటారు ఎన్ని హెచ్‌పీదైనా సరే, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే వైరు సన్నగా, పొడుగ్గా ఉంటే నీళ్లు తగ్గిపోతాయి. పెట్టె మీద రాసిన లీటర్ల లెక్క పెట్టె మీదే ఉండిపోతుంది. కారు పెట్రోల్ ట్యాంకులో మునిగి ఉండే ఫ్యూయల్ పంపుది కూడా అదే కథ. హై పెర్ఫార్మెన్స్ కార్లలో పవర్ పెంచడానికి రెండో పంపు పెట్టేవాళ్లు ఏ కంపెనీ పంపు కొనాలా అని వారాల తరబడి తర్జనభర్జన పడతారు. ఆ రెండు పంపులకూ కరెంటు ఏ దారిన వస్తుందన్న విషయాన్ని మాత్రం చివరి రోజు సాయంత్రానికి వదిలేస్తారు. పంపులు రెండూ మేలైనవే అయినా ఇంజిన్ పిస్టన్లు కరిగిపోయే ప్రమాదం మొదలయ్యేది అక్కడే.

విషయం గాలిలో మాట్లాడకుండా ఒక కారును ముందు పెట్టుకుందాం. టయోటా సుప్రా నాలుగో తరం, అభిమానులు జేజెడ్‌ఏ80 అని పిలిచే కారు. అమెరికాలో 1993 నుంచి 1998 మోడల్ దాకా అమ్మారు. టర్బో మోడల్‌లో, అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నింపే టర్బో ఉన్నదాంట్లో, ఉండేది 3 లీటర్ల ఆరు సిలిండర్ల టూజేజెడ్-జీటీఈ ఇంజిన్. అక్కడి మార్కెట్లో దాని పవర్ 320 హార్స్‌పవర్. ఇనుప బ్లాకు గట్టిది కావడంతో రెండు చిన్న టర్బోలు తీసేసి ఒక పెద్ద టర్బో బిగించడం, 700, 800 హార్స్‌పవర్ దాకా లాగడం అక్కడ పాతికేళ్లుగా నడుస్తున్న వ్యవహారం. పవర్ రెట్టింపైతే పెట్రోలు కూడా రెట్టింపు కావాలి కదా! ఫ్యాక్టరీ పంపు 320 కోసం, కొంత జాగ్రత్త కోసం పెట్టినది. అది 800కు చాలదు.

ఎంత చాలదో లెక్క వేయడం పెద్ద కష్టమేమీ కాదు. టర్బో ఇంజిన్ ఫుల్ లోడ్‌లో ఒక్కో హార్స్‌పవర్‌కు గంటకు సుమారు 0.6 పౌండ్లు, అంటే 0.27 కిలోల పెట్రోలు తాగుతుందని ట్యూనర్లు లెక్కగడతారు. 800 హార్స్‌పవర్‌కు గంటకు 218 కిలోలు. పెట్రోలు సాంద్రత లీటరుకు 0.74 కిలోలు అనుకుంటే దాదాపు 295 లీటర్లు. అదే కారు ఈ85 మీద నడిస్తే, అంటే 85 శాతం దాకా ఇథనాల్ ఉన్న ఇంధనం మీద, అదే పవర్‌కు మూడో వంతుకు పైగా అదనంగా పోయాలి. లెక్క 400 లీటర్లు దాటుతుంది. ఇథనాల్‌లో లీటరుకు శక్తి తక్కువ. మన దగ్గర ఈ20 పెట్రోలు వచ్చాక మైలేజీ తగ్గిందని బంకుల దగ్గర వినపడుతున్న గొణుగుడుకూ మూలం ఇదే. ఈ85లో అది నాలుగింతలు. అయినా నాకింగ్‌ను, అంటే సిలిండర్‌లో ఇంధనం వేళకాని వేళ దానంతటదే పేలడాన్ని, బాగా తట్టుకుంటుంది, లోపలికి వెళ్లే గాలి-ఇంధన మిశ్రమాన్ని చల్లబరుస్తుంది కాబట్టి టర్బో కార్లవాళ్లకు అదంటే ప్రాణం.

ఇప్పుడు పంపు వైపు చూద్దాం. మార్కెట్లో బాగా అమ్ముడయ్యే వాల్‌బ్రో పంపుల పేర్లే 255, 450 అని ఉంటాయి. గంటకు అన్ని లీటర్లు అన్నమాట. 400 కావాలి, 450 పంపు ఉంది, ఇక రెండోది దేనికి అనిపిస్తుంది. కానీ ఆ అంకె ఒక నిర్ణీత ఒత్తిడి దగ్గర, ఒక నిర్ణీత వోల్టేజ్ దగ్గర కొలిచినది. ఆ రెండూ కారులో అలాగే ఉండవు.

ముందు ఒత్తిడి సంగతి. ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్‌కు అటూ ఇటూ 3 బార్, అంటే 43 పీఎస్‌ఐ తేడా ఉండాలని చాలా ఇంజిన్లలో లెక్క. ఇంజిన్‌లోకి గాలి వెళ్లే మానిఫోల్డ్‌లో టర్బో 25 పీఎస్‌ఐ గాలి నింపితే, ఇంజెక్టర్ ఆ గాలికి ఎదురుగా పెట్రోలు చిమ్మాలి. అందుకని పెట్రోలు ఒత్తిడిని సర్దే రెగ్యులేటర్, బూస్ట్ (టర్బో నింపే ఆ గాలి ఒత్తిడి) పెరిగినంతా ఫ్యూయల్ ప్రెషర్‌నూ పెంచుతుంది. 43కు 25 కలిపితే 68. ఫిల్టర్, గొట్టాల్లో పోయేది అదనం. ఏ పంపుకైనా ఎదురు ఒత్తిడి పెరిగితే పోసే నీరు తగ్గుతుంది. కింది ట్యాంకుకు పోసే మోటారు, మూడో అంతస్తు ట్యాంకుకు అంతే జోరుగా పోయదు. అంటే ఇంజిన్‌కు అన్నిటికంటే ఎక్కువ పెట్రోలు కావలసిన క్షణమే పంపు అన్నిటికంటే తక్కువ పోసే క్షణం. రెండో పంపు అవసరం ఇక్కడ పుడుతుంది.

ఇదేమీ గ్యారేజీల్లో పుట్టిన చిట్కా కాదు. ఫోర్డ్ కంపెనీ 2003 మస్టాంగ్ కోబ్రాకు టర్బోలాగే గాలి నింపే సూపర్‌చార్జర్ పెట్టి 390 హార్స్‌పవర్‌తో అమ్మినప్పుడు ట్యాంకులో రెండు పంపులు తనే పెట్టింది. 2007లో 500 హార్స్‌పవర్‌తో వచ్చిన షెల్బీ జీటీ500లోనూ అంతే. తేడా ఏమిటంటే, కంపెనీ పంపులతో పాటు వాటి వైరింగ్‌ను, కంట్రోల్ మాడ్యూల్‌ను కూడా కలిపి డిజైన్ చేస్తుంది. గ్యారేజీలో చాలాసార్లు పంపు కొత్తది, వైరు పాతది.

కరెంటు ఎక్కడ పోతోంది

పెద్ద ఇన్‌ట్యాంక్ పంపు ఒకటి పూర్తి ఒత్తిడి మీద 15 ఆంపియర్ల దాకా లాగుతుంది. కొన్ని అంతకంటే ఎక్కువే. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. పంపు లాగే కరెంటు ఎప్పుడూ ఒకేలా ఉండదు, ఎదురు ఒత్తిడితో పాటు పెరుగుతుంది. ఐడిల్‌లో, అంటే నిలబెట్టిన కారులో ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, మీటరు పెట్టి చూసి అంతా బాగుందనుకుంటే మోసపోతాం. ఫుల్ బూస్ట్‌లో కరెంటు పెరుగుతుంది, దానితో పాటు వైరులో పోయే వోల్టేజ్ కూడా పెరుగుతుంది.

సుప్రాలో బ్యాటరీ ముందు బానెట్ కింద, ట్యాంకు వెనక డిక్కీ కింద. వైరు కారు ఒంపుల వెంట తిరిగి వెళ్లేసరికి 5 మీటర్లు ఇట్టే అవుతుంది. 1 చదరపు మిల్లీమీటరు రాగి వైరుకు 5 మీటర్లలో 0.086 ఓమ్‌ల రెసిస్టెన్స్ ఉంటుంది. చూడటానికి ఏమీ లేనట్టే ఉంటుంది కానీ 15 ఆంపియర్లు పారితే 1.3 వోల్టులు దారిలోనే పోతాయి. రెండు పంపులూ ఆ వైరు మీదే పడితే 2.6 వోల్టులు. ఆల్టర్నేటర్ 13.8 ఇస్తున్నా పంపుకు చేరేది 11.2. ఎర్త్ వైపు పోయేది ఇందులో ఇంకా కలపలేదు. ఒక్కో వోల్టు తగ్గినప్పుడల్లా పంపు ప్రవాహం సుమారు పదో వంతు పడిపోతుంది, ఒత్తిడి ఎక్కువున్నచోట ఇంకా ఎక్కువ. అంటే రెండో పంపు కొన్న డబ్బులో పెద్ద భాగాన్ని ఆ సన్న వైరే మింగేసింది.

అదే 4 చదరపు మిల్లీమీటర్ల వైరు ఒక్కో పంపుకు ఒకటి చొప్పున లాగితే పోయేది 0.32 వోల్టులు. ఇళ్ల వైరింగ్‌లో ఏసీకీ గీజర్‌కీ ఎలక్ట్రీషియన్ లాగేది కూడా ఇదే సైజు కాబట్టి లావు ఎంతో ఊహించుకోవడం తేలిక. కానీ ఆ ఇంటి వైరునే తెచ్చి కారులో వేయకూడదు. కారు వైరుకు సన్న పోగులు ఎక్కువ ఉండాలి, పైతొడుగు వేడికీ ఆయిల్‌కీ తట్టుకోవాలి. అమెరికా కిట్లలో సైజు గేజ్‌లో రాస్తారు. 12 గేజ్ అంటే సుమారు 3.3 చదరపు మిల్లీమీటర్లు, 10 గేజ్ అంటే 5.3. అంకె తగ్గేకొద్దీ వైరు లావవుతుంది. తొలిసారి చూసినవాళ్లు తికమకపడేది ఇక్కడే.

ఎర్త్‌కు వచ్చేసరికి చాలామంది చేతులు కాస్త బద్ధకిస్తాయి. ప్లస్ వైరు లావుది వేసి, మైనస్‌ను దగ్గర్లో కనపడిన బోల్టుకు తగిలిస్తారు. వెళ్లిన 15 ఆంపియర్లూ తిరిగి రావాలన్నది మరచిపోతారు. బోల్టు కింద పెయింటు ఉంటే, తుప్పు ఉంటే అక్కడ అర వోల్టు, వోల్టు హారతి అయిపోతుంది. పెయింటు గీకి, ఇనుము మెరిసేలా చేసి, లగ్గు బిగించి, పైన గ్రీజు పూయాలి. రెండు పంపులకు రెండు ఎర్త్ పాయింట్లు ఉంటే ఇంకా మంచిది. ఒకే బోల్టు వదులైతే రెండు పంపులూ ఒకేసారి నీరసించకుండా ఉంటాయి.

రిలే, దాన్ని లేపే వైరు

కారు పాత పంపు వైరును పూర్తిగా కత్తిరించి పారేయరు. దాన్ని పంపు నడపడానికి కాకుండా రిలేను లేపడానికి వాడతారు. బోరు దగ్గర స్టార్టర్ బాక్సులో చిన్న బటన్ నొక్కితే లోపల పెద్ద కాంటాక్టు పడి మోటారుకు ఫుల్ కరెంటు వెళ్తుంది కదా, రిలే చేసేదీ అదే. మామూలు ఆటోమొబైల్ రిలేకు కింద అంకెలుంటాయి. 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజ్ దాటి వచ్చిన లావు వైరు, 87 నుంచి పంపుకు, 85, 86 మధ్య కాయిల్. 87ఏ ఉన్న ఐదు కాళ్ల రిలే తెచ్చి పొరపాటున పంపును 87ఏకి తగిలిస్తే కీ వేస్తే పంపు ఆగిపోతుంది, కీ ఆపితే తిరుగుతూ ఉంటుంది. నవ్వొస్తుంది కానీ తెల్లారేసరికి బ్యాటరీ చచ్చి ఉంటుంది.

ఫ్యూజ్ బ్యాటరీకి జానెడు దూరంలో ఉండాలి, మహా అయితే మూరెడు. ఫ్యూజ్ కాపాడేది పంపును కాదు, వైరును. డిక్కీలో రిలే పక్కన ఫ్యూజ్ పెడితే, బ్యాటరీ నుంచి అక్కడిదాకా ఉన్న 5 మీటర్ల వైరుకు రక్షణ ఏమీ లేనట్టే. కార్పెట్ కింద ఎక్కడో ఇనుప అంచుకు రాసుకుని తొడుగు తెగితే ఆ వైరే హీటర్ కాయిల్ అవుతుంది. అదీ పెట్రోల్ ట్యాంకు వైపు వెళ్లే వైరు. 15 ఆంపియర్ల పంపుకు 20 లేదా 25 ఫ్యూజ్ వేస్తారు. ఒక్కో పంపుకు వేర్వేరుగా ఒక ఫ్యూజ్, ఒక రిలే ఉండాలి. రెండింటికీ కలిపి ఒక 40 ఆంపియర్ల రిలే పెట్టేస్తే ఖర్చు తగ్గుతుంది, నిజమే. కానీ ఆ రిలే కాంటాక్టు ఒక్కటి కాలితే రెండు పంపులూ పోతాయి. చవక ఫ్యూజ్ హోల్డర్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. లోపలి రేకు వదులైతే ఫ్యూజ్ పోకుండా ప్లాస్టిక్ మాత్రం కరిగి ముద్దవుతుంది.

సుప్రాలో ఇంకో చిక్కుంది. టయోటా ఆ కారులో పంపుకు ఒక ప్రత్యేక ఫ్యూయల్ పంప్ ఈసీయూ (ఎలక్ట్రానిక్ కంట్రోల్ యూనిట్) పెట్టింది. నిదానంగా వెళ్తున్నప్పుడు పంపుకు దాదాపు 9 వోల్టులే ఇస్తుంది, లోడ్ పడినప్పుడు పూర్తి వోల్టేజ్ ఇస్తుంది. చప్పుడు తగ్గాలి, పెట్రోలు వేడెక్కకూడదు అన్నది కంపెనీ ఉద్దేశం. ఆ తెలివి ఇప్పుడు అడ్డొస్తుంది. 12 వోల్టుల రిలే కాయిల్ లేవడానికి 7, 8 వోల్టులు కావాలి. కాయిల్ వేడెక్కితే ఇంకాస్త ఎక్కువ. 9 వోల్టుల వైరుతో దాన్ని లేపితే చల్లగా ఉన్నప్పుడు పనిచేసి, మండుటెండలో ట్రాఫిక్‌లో ఆగినప్పుడు టక టక కొట్టుకోవడం మొదలవ్వొచ్చు. అందుకే ఆ పంప్ ఈసీయూను పక్కకు తప్పించి, ఇంజిన్ ఈసీయూ నుంచి వచ్చే స్థిరమైన సిగ్నల్‌తో రిలేను నడపడం మేలు.

మస్టాంగ్ లాంటి, మిగిలిన పెట్రోలును ట్యాంకుకు వెనక్కి పంపే రిటర్న్ లైను లేని కార్లలో ఇది ఇంకా ముదురుతుంది. అక్కడ పంప్ డ్రైవర్ మాడ్యూల్ కరెంటును సెకనుకు ఎన్నోసార్లు ఆన్, ఆఫ్ చేస్తూ పంపు వేగాన్ని సర్దుతుంది. ఆ వైరుకు మామూలు రిలే తగిలిస్తే గిలకలా కొట్టుకుని కొద్దిసేపట్లోనే చస్తుంది. అయితే డ్రైవర్ మాడ్యూల్ సామర్థ్యాన్నే పెంచాలి, లేదా రెగ్యులేటర్, రిటర్న్ లైను పెట్టి పద్ధతే మార్చేయాలి. సగం అదీ సగం ఇదీ చేస్తే నడవదు.

ఏ దారి ఎంచుకున్నా ఒకటి మాత్రం వదలకూడదు. కంపెనీ కార్లలో ఇంజిన్ ఆగితే ఈసీయూ పంపును ఆపేస్తుంది. కీ తిప్పగానే ఒకటి రెండు సెకన్లు తిప్పి, ఇంజిన్ లేవకపోతే ఆపుతుంది. పాత ఫోర్డ్ కార్లలో అయితే గుద్దుకుంటే పంపు కరెంటు కోసేసే స్విచ్ డిక్కీ పక్కనే ఉండేది. రిలే కాయిల్‌ను నేరుగా ఇగ్నిషన్‌కు కలిపేసినా, డాష్‌బోర్డు మీద ఒక టాగుల్ స్విచ్ పెట్టుకున్నా ఈ రక్షణ మొత్తం పోతుంది. యాక్సిడెంట్‌లో గొట్టం తెగితే గంటకు కొన్ని వందల లీటర్ల వేగంతో రోడ్డు మీదికి పెట్రోలు చిమ్ముతూనే ఉంటుంది. డ్రైవరు స్పృహలో ఉండి కీ ఆపుతాడన్న నమ్మకం మీద ఏ డిజైనూ ఆధారపడకూడదు.

ట్యాంకు లోపల

పెట్రోలులో మునిగిన మోటారు బ్రష్‌ల దగ్గర నిప్పురవ్వలు లేస్తాయి. అయినా మంట ఎందుకు రాదు? మంటకు గాలి కావాలి. పెట్రోలు ఆవిరి గాలిలో 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటేనే అంటుకుంటుంది. మూసిన ట్యాంకులో మామూలు ఉష్ణోగ్రతల దగ్గర ఆవిరి అంతకంటే చిక్కగా ఉంటుంది. ట్యాంకు బయట సంగతి వేరు. మూత తీసిన ట్యాంకు పక్కన, ఆవిరి గాలితో కలిసి పలచబడిన చోట రిలే కాంటాక్టు రవ్వ చాలు. అందుకే రిలేలను ట్యాంకు మూతకు ఆనుకుని బిగించరు.

లోపలి వైర్లు, గొట్టాల మీద పొదుపు చేసినచోటే చిత్రమైన తలనొప్పులు వస్తాయి. మామూలు పీవీసీ తొడుగు పెట్రోలులో ఉబ్బి, గట్టిబడి, పెళుసై పగులుతుంది. లోపల టెఫ్లాన్ జాతి తొడుగున్న వైరే వాడాలి. గొట్టాల్లోనూ అంతే. మామూలు ఫ్యూయల్ హోస్‌కు లోపలి గోడ పెట్రోలును తట్టుకుంటుంది, బయటి గోడ తట్టుకోదు. మునిగి ఉండే చోటికి ఎస్ఏఈ జే30ఆర్10 ముద్ర ఉన్న హోస్ వేరే దొరుకుతుంది, ఖరీదు ఎక్కువే. మామూలుది వేస్తే కొన్ని నెలలకు మెత్తబడి పగిలి, పంపు తిరుగుతున్నా పెట్రోలు ట్యాంకులోనే గుడుగుడుమంటూ తిరుగుతుంది. అప్పుడు అందరూ పంపును తిడతారు.

మూతలోంచి వైర్లు బయటికి వచ్చే చోట ఫ్యాక్టరీ కనెక్టర్ పిన్నులు ఒక చిన్న పంపు కోసం చేసినవి. రెండు పెద్ద పంపుల కరెంటు దాని మీద పడితే పిన్ను కాలి, చుట్టూ ప్లాస్టిక్ కరిగి, చివరకు అక్కడే పెట్రోలు ఊరుతుంది. ఆ పాత కనెక్టర్‌ను పాత పనికే వదిలేసి, పంపుల కోసం సీల్ చేసిన బోల్టు రకం బల్క్‌హెడ్ టెర్మినల్స్ మూతకు బిగించాలి. ఇంకో విచిత్రం ఉంది. మూతకు రంధ్రం పెట్టి వైరును గమ్ముతో సీల్ చేసి బయటికి లాగితే, పెట్రోలు వైరు తొడుగు లోపల పోగుల మధ్య నుంచి, దీపపు వత్తిలో నూనె ఎక్కినట్టు, పైకి పాకుతుంది. అడుగు దూరంలో ఉన్న కనెక్టర్ దగ్గర తడి కనపడుతుంది, సీల్ మాత్రం చెక్కుచెదరదు! పోగులు అక్కడ తెగి, గట్టి లోహం గుండా కరెంటు దాటేలా ఉండటమే దీనికి మందు. ఈ85 వాడే కార్లలో ట్యాంకు లోపలి టెర్మినల్స్ తెరిచి ఉంచకూడదు. ఇథనాల్ పెట్రోలు కంటే కరెంటును బాగా పారనిస్తుంది, ప్లస్ టెర్మినల్ మెల్లగా తినుకుపోతుంది.

రెండు పంపుల గొట్టాలు ఒక వై ఆకారపు జాయింటులో కలుస్తాయి. ఒక పంపు ఆగి ఉన్నప్పుడు రెండోది తోసే పెట్రోలు ఆగి ఉన్న పంపులోంచి వెనక్కి ట్యాంకులోకి పోకుండా చెక్ వాల్వ్ కావాలి. ఒకే పైపులైనులోకి రెండు మోటార్లు పోసేటప్పుడు నాన్ రిటర్న్ వాల్వ్ వేస్తారు కదా, అదే. చాలా ఇన్‌ట్యాంక్ పంపుల్లో ఇది లోపలే ఉంటుంది. ఉందో లేదో కొనేముందే చూసుకోవాలి.

రెండోది ఎప్పుడు తిరగాలి

రెండు పంపులనూ కీ తిప్పినప్పటి నుంచే తిప్పేయడం అన్నిటికంటే సులువు. రిలే లేపే సిగ్నల్ ఒకటే, తప్పిపోయే అవకాశాలు తక్కువ. కానీ ఐడిల్‌లో ఇంజిన్ తాగేది గంటకు రెండు మూడు లీటర్లు. పంపులు తోసేది వందల లీటర్లు. మిగిలినదంతా రెగ్యులేటర్ దాటి రిటర్న్ లైనులో వెనక్కి పోవాలి. ఫ్యాక్టరీ రిటర్న్ గొట్టం అంత ప్రవాహానికి సన్నదైతే రెగ్యులేటర్ స్క్రూ ఎంత వదులు చేసినా ప్రెషర్ 43కి దిగదు, యాభయ్యో అరవయ్యో దగ్గర కూర్చుంటుంది. రెగ్యులేటర్ పాడైందని మార్చేసినవాళ్లు ఎందరో.

దానికి వేడి తోడవుతుంది. రెండు పంపులు కలిపి 300 వాట్లు తింటున్నాయనుకుందాం. ఆ శక్తంతా చివరికి పెట్రోలు వేడిగానే మారుతుంది. ట్యాంకులో 20 లీటర్లే ఉంటే, బయటికి పోయే వేడిని వదిలేసి లెక్కగడితే, గంటకు 30 డిగ్రీలకు పైగా పెరగాలి. నిజంగా అంత పెరగదు, కొంత గాలికి పోతుంది. అయినా టెక్సాస్ ఎండలోనో రాయలసీమ ఎండలోనో ట్యాంకులో పెట్రోలు ముందే వేడిగా ఉంటుంది. వేడి పెట్రోలును పంపు లాగేటప్పుడు ముఖద్వారం దగ్గర బుడగలు కడుతుంది. బుడగలను పంపు తోయలేదు. ట్రాఫిక్‌లో గంట నిలబడి, రోడ్డు ఖాళీ కాగానే యాక్సిలరేటర్ తొక్కితే వచ్చే తడబాటుకు ఇదొక కారణం.

అందుకే మొదటి పంపును ఎప్పుడూ నడిపి, రెండోదాన్ని లోడ్ పడినప్పుడే లేపుతారు. చవక పద్ధతి హాబ్స్ స్విచ్. బూస్ట్ గొట్టానికి తగిలించే చిన్న ప్రెషర్ స్విచ్ అది. బూస్ట్ 7, 8 పీఎస్‌ఐ దాటగానే కాంటాక్టు కలిసి రెండో రిలేను లేపుతుంది. పంపు వేగం అందుకోవడానికి కాసింత సమయం పడుతుంది కాబట్టి, మొదటి పంపు చేతులెత్తేసే చోటికి చాలా ముందే అది లేవాలి. అంతా బాగానే ఉంటుంది, ఆ సన్న రబ్బరు గొట్టం ఊడిపోయేదాకా. గొట్టం ఊడితే స్విచ్‌కు బూస్ట్ కనపడదు. టర్బో మాత్రం తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. వేల డాలర్ల ఇంజిన్ ప్రాణం ఒక చిన్న క్లిప్పు చేతిలో పెట్టినట్టు. ట్యూన్ చేయగల ఈసీయూ కారులో ముందే ఉంటే హాబ్స్ స్విచ్ పెట్టడానికి సరైన కారణం కనపడదు. ఈసీయూ బూస్ట్‌తో పాటు ఆర్పీఎం, ఇంజెక్టర్ ఎంతసేపు తెరుచుకుంటోంది అన్నవి కూడా చూసి రెండో పంపును లేపగలదు. ఒక సెన్సార్ తప్పు చెప్పినా మిగతావి ఉంటాయి.

అసలు ప్రమాదం ఇంకొకటి, దాని గురించే తక్కువ మాట్లాడతారు. ఒక్క పంపు ఉన్న కారులో పంపు చస్తే కారు ఆగుతుంది. ఇంటికి టో చేసుకుని పోతే సరిపోతుంది. రెండు పంపుల కారులో రెండోది చస్తే ఏమీ జరగదు. ఆఫీసుకు వెళ్లొస్తుంది, హైవే మీద హాయిగా పోతుంది. ఊళ్లో తిరిగినన్నాళ్లూ మొదటి పంపు చాలు. ఒక ఆదివారం ఉదయం డ్రాగ్ స్ట్రిప్‌లో ఫుల్ త్రాటిల్ తొక్కినప్పుడు కానీ విషయం బయటపడదు.

బయటపడే తీరు ఇలా ఉంటుంది. ఇంజెక్టర్‌లోంచి వచ్చే పెట్రోలు, దాని రెండు వైపులా ఉన్న ఒత్తిడి తేడాకు వర్గమూలంలో మారుతుంది. తేడా 43 నుంచి 33 పీఎస్‌ఐకి పడితే పెట్రోలు 12 శాతం తగ్గుతుంది. 11.8 గాలి-ఇంధన నిష్పత్తిలో నడుస్తున్న పెట్రోలు ఇంజిన్ 13.4కు చేరుతుంది. మామూలు కారులో అది ఏ లెక్కలోదీ కాదు. 25 పీఎస్‌ఐ బూస్ట్‌లో అంత లీన్ అయితే, అంటే మిశ్రమంలో పెట్రోలు అంతగా తగ్గితే, నాకింగ్ మొదలై, స్పార్క్ ప్లగ్ కొస, పిస్టన్ అంచు కరగడానికి క్షణాలు చాలు. పడింది పది పీఎస్‌ఐ మాత్రమే. రెండో పంపు పూర్తిగా ఆగిపోతే పడేది అంతకంటే చాలా ఎక్కువ.

కాబట్టి ఫ్యూయల్ రైలు మీద, అంటే ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టం మీద, ప్రెషర్ సెన్సార్ లేకుండా రెండో పంపు పెట్టడం సగం పనే. ఈసీయూ రైలు ఒత్తిడిలోంచి మానిఫోల్డ్ ఒత్తిడిని తీసేసి చూడాలి. ఆ తేడా ఎప్పుడూ 43 దగ్గరే ఉండాలి. ఐదారు పీఎస్‌ఐ కంటే ఎక్కువ పడితే వెంటనే బూస్ట్ తగ్గించాలి లేదా ఇంజిన్‌ను కట్ చేయాలి. డాష్‌బోర్డు మీద మంచి గేజ్ పెట్టుకున్నాం కదా అంటారు కొందరు. 800 హార్స్‌పవర్ కారు మూడో గేరులో లాగుతున్నప్పుడు గేజ్ వైపు చూసే డ్రైవరు ఎవరు?

పరీక్ష

పని అయ్యాక కారును రోడ్డెక్కించి చూద్దాం అనుకునే ముందు, నిలబెట్టిన కారులోనే ఫుల్ బూస్ట్ పరిస్థితి తెప్పించవచ్చు. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, బ్యాటరీకి చార్జర్ తగిలించి వోల్టేజ్‌ను 13.5 చుట్టుపక్కల ఉంచి పంపులు నడపాలి. రెగ్యులేటర్‌కు బూస్ట్ వచ్చే గొట్టాన్ని ఊడదీసి, అక్కడ సైకిల్ పంపుతో 25 పీఎస్‌ఐ గాలి కొట్టాలి. రైలు ప్రెషర్ 68కి ఎక్కుతుంది. ఇప్పుడు పంపు మూత దగ్గర మల్టీమీటర్ పెట్టి వోల్టేజ్ చూడాలి, వైరు చుట్టూ డీసీ క్లాంప్ మీటర్ పెట్టి కరెంటు చూడాలి. బ్యాటరీ దగ్గరకూ పంపు దగ్గరకూ తేడా అర వోల్టు దాటిందంటే, ఒక్కో జాయింటుకు అటూ ఇటూ మీటరు పెట్టుకుంటూ వెళ్తే దొంగ దొరుకుతాడు. ఎక్కువగా ఎర్త్ దగ్గరో ఫ్యూజ్ హోల్డర్‌లోనో దొరుకుతాడు.

అలాగే రిటర్న్ గొట్టాన్ని కొలతలున్న మెటల్ క్యానులోకి పెట్టి 30 సెకన్లు పోయించి, వచ్చిన లీటర్లను 120తో గుణిస్తే గంట లెక్క వస్తుంది. ముందు ఒక పంపు ఫ్యూజ్ తీసి రెండోదాన్ని, తర్వాత దాని ఫ్యూజ్ తీసి మొదటిదాన్ని, చివరకు రెండూ కలిపి. విడివిడిగా వచ్చిన వాటి మొత్తం కంటే కలిపి వచ్చింది బాగా తక్కువైతే గొట్టమో ఫిల్టరో వై జాయింటో సన్నదని అర్థం. ఈ పని ఆరుబయట చేయాలి, పక్కన అగ్నిమాపక సిలిండర్ ఉండాలి, సెల్‌ఫోన్ మాట్లాడుతూ నిలబడే స్నేహితుణ్ని దూరంగా పంపాలి.

ఆ రోజు వచ్చిన వోల్టులు, ఆంపియర్లు, లీటర్లు ఒక కాగితం మీద రాసి ఫ్యూజ్ బాక్స్ మూత లోపల అంటిస్తే ఏడాది తర్వాత మళ్లీ కొలిచినప్పుడు పోల్చుకోవడానికి పనికొస్తుంది. కరెంటు పెరిగి లీటర్లు తగ్గితే పంపు అరిగినట్టో, ఫిల్టర్ మూసుకుపోయినట్టో. కరెంటూ లీటర్లూ రెండూ తగ్గితే మళ్లీ వైరు దగ్గరికే వెళ్లాలి.